గాలి తగిలితే

హత్తర్‌వీక్, ఫూగ్లోయ్ దీవి
8 సెప్టెంబర్ 1996

అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటా అనుకుంటావు. ఫోన్ వంటగదిలో ఉంది. వంటగదిలో ఎల్స్‌పా ఉంటుంది. పెళ్ళాం వినకూడని మాటలు నాకు పెద్దగా లేవు గానీ, ఇది ఒకటి.

మళ్ళీ రక్తం పడుతోంది. ఎండాకాలం మొదట్లో బాగానే ఉన్నాను. గడ్డి కోతల రోజుల్లో మొదలైంది. రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నానో రాయను. కొండ మీద ఏ బండ చాటు ఎక్కడుందో ఇప్పుడు నాకు గొర్రెలకన్నా బాగా తెలుసు.

పద్దెనిమిదేళ్ళ జబ్బే, కొత్తది కాదు. మొన్న తోర్స్‌హావ్న్ వెళ్తే పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూశారు. ఎప్పట్లాగే పేగులో అక్కడక్కడ చిన్న ముక్కలు గిల్లి తీశారు. పరీక్ష ఫలితాలు రావడానికి కొన్ని వారాలు పడుతుందట. ఒంట్లో రక్తం తగ్గిందని ఇనుము మాత్రలు ఇచ్చారు. ఆ డాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన కుర్రవాడు. అతనికి మన మాట రాదు. నాకు డేనిష్ చదివితే అర్థమైనంతగా వింటే అర్థం కాదు. నీ పేరు చెప్పాక మాత్రం అతని ముఖం విప్పారింది. మీ అక్కగారు కోపెన్‌హాగెన్‌లో ఈ జబ్బు మీదే పనిచేస్తారు కదా, ఆవిడనే అడగండి, నాకన్నా బాగా చెబుతారు అన్నాడు.

అందుకని అడుగుతున్నాను. ఆ ల్యాబులో నువ్వేం చేస్తావో ఇన్నేళ్ళూ నేను అడగలేదు, నువ్వూ చెప్పలేదు. నా పేగులో అసలు ఏం జరుగుతోంది? మన పాస్టరు ప్రసంగంలా కాకుండా మనిషికి అర్థమయ్యేట్టు రాయి.

గడ్డి బాగానే ఎండింది. ముసలి పొట్టేలు కొండ అంచు మీంచి సముద్రంలో పడిపోయింది. ఇంకోదాన్ని చూడాలి. పక్కింటి సామల్ బాబాయ్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. "ఆ పిల్ల ఇంకా పెళ్ళి చేసుకోలేదా?" అన్నాడు. నీకు యాభై రెండొచ్చాయని గుర్తుచేశాను. "అయితే ఇంకా టైముందిలే" అన్నాడు.

తమ్ముడు
హైని


కోపెన్‌హాగెన్
19 సెప్టెంబర్

హైనీ,

కవరు మీద నీ రాత చూసి ముందు భయపడ్డాను. మనింట్లో ఉత్తరం వచ్చిందంటే ఎవరో పోయినట్టే కదా. చదివాక భయం తగ్గిందని చెప్పను గానీ, నువ్వు అడిగినందుకు సంతోషించాను.

మేం చూసేది చాలా చిన్న సంగతి. పేగు వాచినప్పుడు ఒళ్ళు అక్కడికి రక్షణ కణాలను పంపుతుంది. అవి ప్రాణవాయువునే ఆయుధంగా మార్చుకుంటాయి. మనల్ని బతికించే ప్రాణవాయువే ఆ రూపంలో దేనికి తగిలితే దాన్ని కాలుస్తుంది. సూక్ష్మజీవులు లోపలికి చొరబడితే వాటిని చంపడానికి అది పనికొస్తుంది. నీ జబ్బులో శత్రువు లేడు. అయినా సైన్యం కదలదు. ఏళ్ళ తరబడి అక్కడే మకాం వేసి నీ పేగునే కాలుస్తుంటుంది. ఆ మంటను ఆర్పే సరుకు ఒంట్లోనే ఉంటుంది. అది కొన్నాళ్ళకి చాలకుండా పోతుంది.

మనిషికి అర్థమయ్యేట్టు అన్నావు కాబట్టి ఒక్క మాటలో చెప్తాను. తుప్పు. పడవ సీలకి ఉప్పుగాలి తగిలితే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. నీ పేగు గోడలో నెమ్మదిగా అదే జరుగుతోంది. ప్రతి కణంలోనూ ఒక పోగు ఉంటుంది. ఎలా పెరగాలో, ఎప్పుడు ఆగాలో దానిలో రాసి ఉంటుంది. తుప్పు ఆ పోగుకీ పడుతుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన పేగు ముక్కలను గడ్డకట్టించి, నూరి, కరిగించి, ఆ పోగు మీద ఎన్ని మచ్చలు పడ్డాయో యంత్రంలో చూడడమే నా ఉద్యోగం.

మన దీవుల నుంచి చాలా ముక్కలు వస్తాయి. ఈ జబ్బు మనవాళ్ళలో అంత ఎక్కువ. ఎందుకో ఇంకా ఎవరికీ తెలియదు. మా ల్యాబులో కిర్‌స్టెన్ అని ఒకావిడ ఉంది. మీ ఊళ్ళో అందరూ చుట్టాలేనా అని అడిగింది. కాదు, కొందరితో మాటల్లేవు అన్నాను.

నువ్వు పంపిన పార్సిల్లో రూబార్బ్ జామ్ సీసా పగిలింది. ఎండు మాంసం మాత్రం క్షేమంగా ఉంది, కాస్త తియ్యగా. కింది వాటా ఆవిడ వచ్చి మెట్ల దగ్గర ఏదో చచ్చినట్టుంది అంది. మా తమ్ముడు పంపాడని చెప్పాను. ఇంకేం అడగలేదు.

ఫలితం రాగానే రాయి. పక్కన పెట్టెయ్యకు.

మార్యున్


హత్తర్‌వీక్
6 అక్టోబర్

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇన్నేళ్ళకి ఒకరు సరిగ్గా చెప్పారు. తుప్పంటే నాకు తెలుసు. నా పడవ ఇంజను సగం తుప్పే. అందుకే ఇనుము మాత్రలు ఆపేశాను. తుప్పు పట్టేచోటికి రోజూ ఇంత ఇనుము పంపడమేమిటి? ఆ కుర్ర డాక్టరుకి ఇది తట్టలేదు. ఎల్స్‌పా క్లాక్స్‌వీక్ మందుల షాపు నుంచి విటమిన్ల సీసా తెచ్చింది. ఆ సీసా మీద నువ్వు రాసినట్టే ప్రాణవాయువు చేసే చెరుపుని ఆపుతుందని ఉంది. బలానికని చెప్పి వేసుకుంటున్నాను. తుప్పు గీకేశాక రంగు వేసినట్టు.

ఇంకో మంచి కబురు. డాక్టరు ఫోన్ చేశాడు. ఎల్స్‌పా బయట బట్టలు ఆరేస్తోంది, అదీ కలిసొచ్చింది. లైన్లో గాలి హోరు, పైగా అతని డేనిష్. అయినా అసలు మాట తెలిసింది. రెండు చోట్ల మార్పు కనిపించిందన్నాడు. పద్దెనిమిదేళ్ళుగా ఎప్పుడు వెళ్ళినా అలాగే ఉంది, అలాగే ఉంది అనేవాళ్ళు. ఇప్పుడు మార్పు. రక్తం కూడా తగ్గింది. మాత్రలు ఆపడం మంచిదే అయింది.

అతను మాత్రం వెంటనే ఇంకోసారి రమ్మంటున్నాడు. బాగుపడుతున్నవాణ్ణి మళ్ళీ మళ్ళీ చూడాలని వీళ్ళకి సరదా కాబోలు. మాంసానికి గొర్రెల కోత అయ్యాక వస్తానన్నాను. వచ్చేవారం మందను కొండ దింపాలి. ఊళ్ళో కాళ్ళున్న మగవాళ్ళం కొద్దిమందిమే మిగిలాం. సామల్ బాబాయ్ తనని కూడా లెక్కలో వేసుకోమంటాడు. కుక్క ముందు పరిగెడితే అతను వెనక తిడతాడు. ఇద్దరూ పనికొస్తారు.

నీకు ఈసారి జామ్ డబ్బాలో పెట్టి పంపుతాను.

హైని


కోపెన్‌హాగెన్
13 అక్టోబర్

హైనీ,

నీ ఉత్తరం అందగానే ఫోన్ చేశాను. ఎల్స్‌పా తీసింది. నువ్వు కొండ మీద ఉన్నావంది. ఆమెకి నువ్వు ఏం చెప్పావో, ఏం చెప్పలేదో నాకు తెలియదు. ఊరికే చేశానన్నాను. ఊరికే ఫోన్ చేసే మనిషిని కాదని ఆమెకి తెలుసు.

జాగ్రత్తగా చదువు. డాక్టరు చెప్పిన మార్పు మంచి మార్పు కాదు. ఇంట్లో రోగి గురించి మనం అనే మార్పు వేరు, ల్యాబులో అనే మార్పు వేరు. గిల్లి తీసిన ముక్కల్లో రెండింటిలో కణాల ఆకారం మారింది. అవి ఇంకా క్యాన్సర్ కాదు. క్యాన్సర్ అయ్యే దారిలో ఉన్నాయి. రక్తం తగ్గడానికీ దీనికీ సంబంధం లేదు. పైకి నెమ్మదించిన పేగులో కూడా ఇది జరుగుతుంది.

మాత్రల సంగతి. పేగులో మిగిలిపోయిన ఇనుము వాపుని పెంచవచ్చునన్నది అబద్ధం కాదు. మా దగ్గరా దాని గురించి వాదన ఉంది. కానీ రక్తం లేకుండా నువ్వు కొండ ఎక్కలేవు. ఆపాలంటే డాక్టరుతో చెప్పి ఆపాలి. సూదితో నరంలోకి ఎక్కించే పద్ధతి ఉంది, అడుగు. విటమిన్లు చెడు చెయ్యకపోవచ్చు. గాజు గొట్టంలో అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మనిషి పేగులో ఈ మార్పుని అవి ఆపినట్టు నేనెక్కడా చూడలేదు.

గొర్రెలు ఆగుతాయి. తోర్స్‌హావ్న్ వెళ్ళు.

అక్క


హత్తర్‌వీక్
10 నవంబర్

అక్కా,

కిందటి నెల పడవ వారంపైన రాలేదు. అలలు రేవుగట్టు మీదికి ఎక్కేవి. నీ ఉత్తరం చేరేసరికి కోత అయిపోయింది. నువ్వు ఫోన్ చేసిన రోజు సాయంత్రం ఎల్స్‌పా ఆ సంగతి చెప్పి, మీ అక్క గొంతు బాగాలేదు, ఒంట్లో బాగుందో లేదో కనుక్కో అంది. నీకే ఏదో జబ్బనుకుంది. నేను కాదనలేదు. కాబట్టి ప్రస్తుతానికి మనింట్లో జబ్బు నీది.

వెళ్ళాను. మళ్ళీ గొట్టం వేశారు, ఇంకా ఎక్కువ ముక్కలు తీశారు. ఇనుము నరంలోకి ఎక్కించారు. మొన్న ఫలితం చెప్పారు. ఈసారి డాక్టరు మన మాట వచ్చిన నర్సుని పక్కన కూచోబెట్టుకుని చెప్పాడు. ఒకచోట మార్పు ముదిరింది. పెద్దపేగు మొత్తం తీసెయ్యాలట. కొత్త సంవత్సరం రాగానే కోపెన్‌హాగెన్‌లో. వారంలో జవాబు చెప్పమన్నాడు.

అక్కడే వద్దని చెప్పాను. మళ్ళీ ఆలోచించుకోమన్నాడు. ఆలోచించే చెప్పానన్నాను.

నీకు కోపం వస్తుందని తెలుసు. కిందటి ఉత్తరం చదివాక నాకొక మాట అనిపించింది, రాసేస్తున్నాను. మన దీవుల ముక్కలు మీకు కావాలి కదా. నాది మొత్తం వస్తే మీ ల్యాబుకి పండగేమో.

మాంసం ఎండడానికి గాలికొట్టంలో వేలాడదీశాం. ఈసారి చలి సరిగ్గా పడింది, ఈగ లేదు. వారంలో వాసన మారుతుంది.

హైని


కోపెన్‌హాగెన్
19 నవంబర్

హైనీ,

మొదట ల్యాబు సంగతి. మాకు నీ పేగు అక్కర్లేదు. ఫ్రీజరు నిండిపోయింది, కొత్తవి పెట్టడానికి చోటు లేదు. ఆ మాట నువ్వు కోపంలో రాశావని అనుకుంటున్నాను.

ఇప్పుడు రెండోది. నీకు భయం దేని గురించో నాకు తెలుసు. పేగు తీసేశాక మలం పట్టడానికి పొట్టకి తగిలించే సంచి గురించి. పొట్ట మీద సంచి తగిలించుకుని మందను ఎలా తోలాలి, తాడు కట్టుకుని పక్షుల కోసం గుట్ట అంచున ఎలా దిగాలి, ఎల్స్‌పా పక్కన ఎలా పడుకోవాలి. మగవాళ్ళు నోరు తెరిచి అడగరు, అందుకే నేనే రాస్తున్నాను. మా వీధి వైపు బస్సు నడిపే ఒకాయనకి సంచి పెట్టి పదేళ్ళయింది. ఆపరేషను తర్వాతే పెళ్ళి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు. కొన్నాళ్ళకి సంచి అవసరం లేకుండా చిన్నపేగునే లోపల కలిపి కుట్టే పద్ధతి కూడా ఉంది. నీకు కుదురుతుందో లేదో వాళ్ళే చూసి చెబుతారు. బరువులు ఎత్తడానికి కొన్ని నెలలు ఆగాలి. అంతకుమించి ఏమీ లేదు.

రక్తం పడుతూ బండ చాటులు వెతుక్కోవడంకన్నా సంచి హీనమా? సిగ్గుపడి చచ్చిపోయేవాళ్ళని నేను చూశాను. వాళ్ళ ముక్కలు మా దగ్గరికే వస్తాయి.

నీకు రావడం ఇష్టం లేకపోతే నేనే అక్కడికి వస్తాను.

మార్యున్


హత్తర్‌వీక్
1 డిసెంబర్

అక్కా,

నువ్వు రావద్దు. ఈ సముద్రంలో పడవ దిగేటప్పుడు నడుం విరుగుతుంది. అప్పుడు మనింట్లో నిజంగానే నీకు జబ్బు చేస్తుంది.

నా భయం సంచి గురించి కాదు. సంచి అయితే ఏం? తాడుకి కిందికి దిగేవాడే కాదు, పైన పట్టుకునేవాడూ కావాలి. దానికి ఏడ్చే వయసు దాటిపోయింది.

నేను అమ్మ గురించి ఆలోచిస్తున్నాను. అప్పుడు నాకు పదహారేళ్ళు. అమ్మ తన కాళ్ళ మీద ఓడ ఎక్కింది. రేవులో నిలబడి, బంగాళాదుంపలు తవ్వేముందు వాన చూసుకోండి అంది. అక్కడ పొట్ట కోశారు. వెంటనే కుట్టేశారు. వారాలు తిరక్కుండా పెట్టెలో వచ్చింది. ఎందుకలా అయిందని అడిగితే నాన్న ఒకటే అన్నాడు. "లోపలి గడ్డకి గాలి తగిలిందిరా. తెరవకుండా ఉంటే ఇంకో పదేళ్ళు బతికేది." ఊళ్ళో అందరూ అదే అంటారు. సామల్ బాబాయ్ వాళ్ళ అన్నకీ అదే జరిగింది. కోశారు, గాలి తగిలింది, పోయాడు.

ఇన్నేళ్ళూ ఇది ముసలివాళ్ళ మాటేమో అనుకునేవాణ్ణి. నీ ఉత్తరం వచ్చాక ఇక అనుమానం లేదు. నువ్వే రాశావు. ప్రాణవాయువు దేనికి తగిలితే దాన్ని కాలుస్తుందన్నావు. సీలకి ఉప్పుగాలి తగిలితే ఏమవుతుందో చెప్పక్కర్లేదన్నావు. అదేమిటో నాకన్నా ఎవరికి తెలుసు? మనం మాంసం వేలాడదీసేది ఎందుకు? పలకల సందుల్లోంచి గాలి రావాలి, మాంసానికి తగలాలి, మాంసం మారాలి. గాలి తగలనిదే అది మారదు. నా లోపల రెండు చోట్ల ఇప్పటికే మారింది. ఇప్పుడు నా పొట్ట చీల్చి, ఉన్న తలుపు కూడా తెరిచిపెట్టమంటావా?

నువ్వు చదువుకున్నదానివి. నువ్వు రాసిందే నీకు అప్పజెబుతున్నాను. ఇందులో తప్పెక్కడుందో చూపించు.

ఆలోచించుకోమన్న డాక్టరుకి మళ్ళీ జవాబు చెప్పలేదు. అతనిచ్చిన వారం గడువు ఎప్పుడో దాటిపోయింది. రెండుసార్లు ఫోన్ మోగితే ఎత్తలేదు.

హైని


కోపెన్‌హాగెన్
9 డిసెంబర్

హైనీ,

ఇక పోలికలు చెప్పను. నేను చెప్పిన ప్రతి పోలికా నీ దగ్గరికొచ్చి ఇంకో అర్థం తెచ్చుకుంది. తుప్పు అంటే ఇనుము మానేశావు. గాలి అంటే కత్తి వద్దంటున్నావు. తప్పు నీది కాదు. నువ్వు సరిగ్గానే లెక్క కట్టావు. నేను చేతికిచ్చిన సరుకే వంకర.

నేను రాసిన ప్రాణవాయువు బయటి గాలి కాదు. కొట్టంలోకి వచ్చే గాలి కాదు, సముద్రపు గాలి కాదు. నీ సొంత కణాలు లోపల తయారుచేసేది. పొట్ట మూసి ఉండగానే అది తయారవుతోంది. పద్దెనిమిదేళ్ళుగా మూసి ఉండగానే ఈ పని చేసింది. దానికి తలుపు తెరవక్కర్లేదు. కోసినప్పుడు తగిలే గాలితో క్యాన్సర్ పెరగదు. ఇది నా అభిప్రాయం కాదు, అందరికీ తెలిసిన సంగతి.

ఇక అమ్మ. ఆ రోజు ఆసుపత్రిలో అమ్మతో ఉన్నది నేను. నాన్న లేడు, అక్కడ ఊళ్ళో కోతల్లో ఉన్నాడు. డాక్టరు గదిలోంచి బయటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కోయకముందే అది కాలేయమంతా పాకిపోయిందని, తీయడానికి వీల్లేక కుట్టేశామని చెప్పాడు. ఓడ ఎక్కిన నాటికే అమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. రేవులో వానగా ఉంది, నువ్వు చూసి ఉండవు. నేను ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన విన్నాడు. తల ఊపాడు. నీకు మాత్రం గాలి అని చెప్పాడు. ఆలస్యంగా పంపానని చెప్పుకోవడంకన్నా గాలి అనడం ఆయనకి తేలికయి ఉంటుంది. ఆయన్ని నేనేమీ అనను. సామల్ బాబాయ్ వాళ్ళ అన్న సంగతి నాకు తెలియదు. ఆ రోజుల్లో మనవాళ్ళు ఇక పనికిరానంత ముదిరాకే కత్తి కిందికి వెళ్ళేవాళ్ళు. కోసినవాళ్ళంతా చచ్చిపోయారంటే కారణం అది.

ఇప్పుడు నీ సంగతి, ఏ పోలికా లేకుండా. నీ పేగులో క్యాన్సర్ రాబోతోంది. ఏ నెలలో వస్తుందో నేను చెప్పలేను. ఇప్పటికే ఒక మూల మొదలై ఉండవచ్చు. తీసేస్తే నువ్వు బతికే అవకాశమే ఎక్కువ. తీయకపోతే నువ్వూ అమ్మలాగే పోతావు.

నా దగ్గర ఉన్నది ఇంతే. ఎల్స్‌పాకి చెప్పు.

మార్యున్


హత్తర్‌వీక్
22 డిసెంబర్

అక్కా,

ఎల్స్‌పాకి చెప్పాను.

గాలికొట్టంలో చెప్పాను. క్రిస్మస్‌కి ఏ తొడ దింపాలో చూస్తున్నాం. ఆమె ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కి వాసన చూస్తోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, నాకు కొన్నేళ్ళుగా రక్తం పడుతోంది అన్నాను. ఆమె తల తిప్పలేదు. "బట్టలు ఉతికేది ఎవరనుకున్నావు?" అంది.

ఆమెకి మొదటి ఏడాది నుంచీ తెలుసట. నేను చెప్పడం లేదంటే నాకు ఇష్టం లేదనుకుని ఊరుకుందట. నాకు నచ్చదేమోనని ఆమె, ఆమెకి రోత పుడుతుందేమోనని నేను. ఇంత చిన్న ఇంట్లో ఇన్నేళ్ళు ఎలా దాచుకున్నామో తెలియదు. క్యాన్సర్ సంగతి మాత్రం ఆమెకి తెలియదు. అది చెప్పగానే చేతిలోని తొడ మళ్ళీ కొక్కేనికి తగిలించింది. నువ్వు రాసినదంతా చెప్పాను. పేగు మొత్తం తీసేస్తారట, నేను వద్దన్నాను అన్నాను.

"నేను పెళ్ళి చేసుకున్నది నిన్ను," అంది. "నీ పేగుని కాదు."

తర్వాత ఇంట్లోకి వెళ్ళి, చేతులు కడుక్కుని, డాక్టరుకి ఫోన్ చేసింది. ఆమె డేనిష్ నాకన్నా బాగుంది. పెళ్ళికి ముందు రెండేళ్ళు డెన్మార్క్‌లో ఇంటిపనికి ఉందన్న మాటే మరిచిపోయాను. ఇన్నాళ్ళూ ఫోన్ ఆమెకి ఇచ్చి ఉంటే సరిపోయేది.

జనవరి ఆఖర్న తేదీ ఇచ్చారు.

గాలి సంగతి నేను పూర్తిగా నమ్మానని రాయలేను. చిన్నప్పుడు విన్న మాట అంత తొందరగా పోదు. కానీ అమ్మ దగ్గర ఉన్నది నువ్వు. నాన్న లేడు. ఇన్నేళ్ళూ అక్కడ లేనివాడి మాట పట్టుకున్నాను. ఆ మాట చాలాసేపు ఆలోచించాను. అమ్మ కళ్ళ సంగతి నిజంగానే నేను చూడలేదు. నేను ఓడ చూస్తున్నాను.

గొర్రెలను సామల్ బాబాయ్ చూస్తానన్నాడు. ఎక్కడికి వెళ్తున్నావని అడిగితే, అక్కకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. అతనికి నిజం చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. నీకు పెళ్ళి కుదిరే అవకాశాలు తగ్గాయని విచారించాడు.

ఎల్స్‌పా కూడా వస్తోంది. మీ ఇంట్లో ఇద్దరికీ చోటుందా?

హైని


కోపెన్‌హాగెన్
2 మార్చ్ 1997

హైనీ,

మీరు వెళ్ళాక ఇల్లు మరీ పెద్దదైంది. ఎల్స్‌పా నా పింగాణీ అంతా తోమి వేరే చోట్ల సర్దింది. కప్పు దొరక్క గ్లాసులో కాఫీ తాగుతున్నాను. ఆమెని అడిగితే ఎక్కడుందో చెబుతుంది గానీ అడగను.

పూర్తి ఫలితం వచ్చింది. నీకు తోర్స్‌హావ్న్ నుంచి కూడా చెబుతారు. నా నుంచి ముందే, తిన్నగా వినాలన్నావు కాబట్టి రాస్తున్నాను. తీసిన పేగులో క్యాన్సర్ ఉంది. చిన్నది. రెండుసార్లు గొట్టం వేసినా కనిపించనిది, ఒక మడతలో దాక్కుని ఉంది. గోడ దాటలేదు. చుట్టూ తీసిన గ్రంథుల్లో ఎక్కడా లేదు. మందులు కూడా అక్కర్లేదంటున్నారు. ప్రతి ఏడాదీ చూపించుకోవాలి. వచ్చే ఎండాకాలం దాకా ఆగి ఉంటే ఎలా ఉండేదో నేను రాయను, నువ్వూ అడగకు.

నువ్వు సంతకం పెట్టి ఇచ్చిన చిన్న ముక్క మా ల్యాబుకి వచ్చింది. వచ్చే ఉంటుంది. పేర్లుండవు, అంకెలే. ఆ వారం ఒకే పెట్టెలో చాలా వచ్చాయి. కిర్‌స్టెన్ నా దగ్గరికి వచ్చి, ఈసారి పని నేను చేస్తాను, నువ్వు ఇంటికి వెళ్ళు అంది. వద్దన్నాను. అన్నీ నేనే నూరాను. నేనే కరిగించాను. ఏది నీదో నాకు తెలియదు. ఒక్కదాన్నీ తొందరగా చెయ్యలేదు.

పొట్టకి పట్టీ కట్టుకో. గొర్రెలను ఎత్తకు. ఎత్తావని ఎల్స్‌పా నాకు చెబుతుంది. ఇప్పుడు మేమిద్దరం ఆదివారాలు ఫోన్లో మాట్లాడుకుంటున్నాం.

అక్క


తోర్స్‌హావ్న్
3 జూన్ 1997

అక్కా,

ఈ ఉత్తరం ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కంగారుపడకు. ఈసారి వచ్చింది నా కోసం కాదు.

ఈనిన గొర్రెలను చూడ్డానికి పోయిన వారం సామల్ బాబాయ్‌తో కొండెక్కాను. అతనికి మొత్తం చెప్పి చాలా రోజులైంది. నీకు జబ్బు లేదని తెలిసి సంతోషించాడు. నా సంచి చూపించమంటే చూపించాను. అటూ ఇటూ వంగి చూశాడు. "చప్పుడవుతుందా?" అన్నాడు. అవుతుందన్నాను. ఈస్టర్ రోజు చర్చిలో, ప్రసంగం మధ్యలో అయిందని చెప్పాను. "పాస్టరు ఏమన్నాడు?" అన్నాడు. "ఆమెన్ అన్నాడు" అన్నాను.

చాలాసేపు నవ్వాడు. తర్వాత పైపులో పొగాకు కుక్కుతూ కూర్చున్నాడు. వెలిగించలేదు. కింద సముద్రం వైపు చూస్తూ, "నాకూ పడుతోందిరా" అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. పైపు జేబులో పెట్టేసుకున్నాడు. వాళ్ళ అన్న సంగతి ఎత్తుతాడేమో, గాలి అంటాడేమో అని చూశాను. అతని తలలో ఉన్నది అదేనని నాకు తెలుసు. నీలాగా వివరించడం నాకు చేతకాదు. మంగళవారం పడవకి ఇద్దరం వెళ్తున్నాం అన్నాను. మంగళవారం వాన పడుతుందన్నాడు. తడుద్దాం అన్నాను.

ఈ పొద్దున రేవుకి వస్తాడో రాడో అనుకున్నాను. నాకన్నా ముందే వచ్చి నిలబడ్డాడు. ఇక్కడికి వచ్చాక, ఆ గొట్టం ఎంత లావుంటుందని అడిగాడు. వేలు చూపించాను. నా వేళ్ళు లావని అతను ఇంకాస్త భయపడ్డాడు. పేరు పిలిచినప్పుడు లేవలేదు. నర్సు దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. నువ్వు ఇక్కడే ఉంటావా అని నన్ను అడిగాడు. ఉంటానన్నాను. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. కాళ్ళకున్న రబ్బరు బూట్లు అక్కడే విప్పి, ఒకదాని పక్కన ఒకటి నా ముందు పెట్టి, మేజోళ్ళతో లోపలికి వెళ్ళాడు.

ఇంకా రాలేదు. వానకి తడిసిన బూట్లు. లోపల పాత వార్తాపత్రిక కుక్కి, హీటరు దగ్గరికి జరిపాను. బయటికి వచ్చేసరికి ఆరుతాయి.

హైని